ఫ్యాన్ ఆపమనే ముందు మీటరు చూపించండి

ఇది కొంచెం పెద్ద పోస్టే. డ్యూటీ దిగి, అన్నం తిని, తీరిగ్గా చదవండి. మీ కేబిన్‌లో చదవడం రానివాళ్ళు ఉంటే వాళ్ళకి చదివి వినిపించండి.

మా పాత సైటులో కేబిన్ తలుపుల మీద ఒక కాగితం అంటించారు. "కరెంటు పొదుపు చేయండి. రాత్రి 11 దాటితే కేబిన్‌కి ఒకే ఫ్యాన్. కరెంటుకి నెలకి మనిషికి 60 రింగిట్లు కటింగ్." మలయ్‌లో ఉంది, బెంగాలీలో ఉంది, తెలుగులో ఉంది. ఆ తెలుగు ముక్క రాసింది ఎవరనుకున్నారు? మేమే. సైటు సూపర్‌వైజర్లం. పై నుంచి చెప్పారు, మేం రాశాం, మేమే జిగురు పూసి అంటించాం. రాత్రి 11కి టార్చి పట్టుకుని తిరిగి ఎవడి ఫ్యాన్ తిరుగుతోందో చూసింది కూడా మేమే. అందుకే ఈ పోస్టు ఎవరినో తిట్టడానికి మాత్రమే కాదు. మా చెంప కూడా మేం వాయించుకోవడానికి.

ఏప్రిల్ నెల. ఇక్కడ చలికాలం, ఎండాకాలం అని లేవు గానీ మార్చి, ఏప్రిల్ ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పగలంతా ఎండలో కాలిన ఇనుప రేకు రాత్రి పన్నెండైనా చల్లారదు. గోడకి వీపు ఆనిస్తే చురుక్కుమంటుంది. అందులో ఎనిమిది మంది, ఒక్క ఫ్యాన్. నాలుగు రాత్రులు నిద్రలేని శ్రీకాకుళం కుర్రాడు ఒకడు ఐదో రోజు పొద్దున మూడో అంతస్తు పరంజా మీద నిలబడి కునుకు తీశాడు. కాలు జారింది. బెల్టు హుక్ తగిలించి ఉంది కాబట్టి వేలాడాడు. లేకపోతే వాళ్ళమ్మకి ఫోన్ చేసేది మేమే. కిందకి దించాక వాణ్ణి "ఏరా, రాత్రంతా ఫోన్ చూశావా?" అని అరిచాం. వాడు తల దించుకుని "లేదన్నా, ఫ్యాన్ నా మంచం వైపు తిరగదు" అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నుంచి లెక్క మొదలుపెట్టాం. పదో తరగతి లెక్కలు చాలు దీనికి.

ఒక కేబిన్ లైనుకి మా డబ్బుతో చిన్న సబ్ మీటరు పెట్టించాం. ఒక నెల చూశాం. ఫ్యాన్ 60 వాట్లు. రాత్రి 10 గంటలు తిరిగితే 0.6 యూనిట్. నెలకి 18 యూనిట్లు. నాలుగు ఫ్యాన్లకి 72. రెండు ఎల్ఈడీ ట్యూబులు, ఎనిమిది ఫోన్ల చార్జింగ్ అన్నీ కలిపి 11. చిన్న ఫ్రిజ్ 30. అసలు మింగేది నాలుగు రైస్ కుక్కర్లు, రోజుకి రెండు పూటలా, 84 దాకా. మొత్తం 200 యూనిట్లకి అటూ ఇటూ. యూనిట్‌కి 55 సెన్లు వేసుకోండి, అది కూడా కాస్త ఎక్కువే వేశాం. 110 రింగిట్లు. ఎనిమిది మందికి పంచితే మనిషికి 14 రింగిట్లు కూడా లేదు.

కటింగ్ ఎంత? 60. ఎనిమిది మందికి 480. బిల్లు 110. మిగతా 370 ఏ కేబిన్‌లో కాలింది?

అది కూడా వెతికాం. మా కేబిన్లకీ, సైటు ఆఫీసుకీ, బార్ బెండింగ్ మిషన్‌కీ, వెల్డింగ్‌కీ మెయిన్ మీటరు ఒకటే. ఆఫీసులో రెండు ఏసీలు, ఒక్కోటి ఒకటిన్నర హార్స్‌పవర్. గంటకి రెండూ కలిపి రెండు యూనిట్లు దాటిస్తాయి. పదేసి గంటలు, నెలకి 26 రోజులు అంటే 570 యూనిట్లు. అంటే మూడు కేబిన్లలో ఇరవై నాలుగు మంది నెలంతా వండుకుని, తిని, పడుకునే కరెంటుకి దగ్గర దగ్గర ఆ రెండు ఏసీలే తాగేస్తున్నాయి. ఆ గదిలో కూర్చునే మేం బయటికి వచ్చి "కరెంటు పొదుపు చెయ్యండ్రా" అని కాగితం అంటించాం. సిగ్గు వేసింది.

ఒక్క ఫ్యాన్ రాత్రంతా తిరిగితే 33 సెన్లు. రెస్టారెంటులో తే తారిక్ కప్పులో సగం కూడా రాదు. ఆ 33 సెన్ల కోసం మనిషి నిద్ర ఆపుతారా? నిద్ర లేని మనిషిని పరంజా ఎక్కిస్తారా?

ఇప్పుడు పొదుపు సంగతి. పొదుపు వద్దని మేం అనడంలేదు. కానీ పొదుపు ఎక్కడ మొదలు కావాలి? చలి దేశాల్లో కొంతమంది చక్రాల బండిలోనే కాపురం ఉంటారు. మంచు పడే కాలంలో వాళ్ళకి హీటర్ ఖర్చు భయం. వాళ్ళు ముందు చేసే పని హీటర్ ఆపి వణకడం కాదు. కిటికీల సందులు మూస్తారు, నేల మీద మందంగా పరుస్తారు, గోడకి, కప్పుకి వేడి పోకుండా పొర వేస్తారు. అంటే ముందు డబ్బా బాగు చేసుకుంటారు, తర్వాత యూనిట్లు లెక్కపెడతారు. మనదీ అదే డబ్బా బతుకే. వాళ్ళకి చలి లోపలికి రాకూడదు, మనకి ఎండ లోపలికి రాకూడదు. అంతే తేడా. మరి మన డబ్బాకి ఏం చేశారు? నోటీసు అంటించారు.

కేబిన్ చల్లబరచడం ఏమన్నా రాకెట్ పనా? మనం బిల్డింగులు కట్టేవాళ్ళం, మనకి తెలియదా? కంటైనర్ కప్పు మీద ఒక అడుగు ఖాళీ వదిలి రెండో రేకు కప్పు వేస్తే ఎండ పై రేకు మీదే పడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. సైటులో పాత జింక్ రేకులు, పైపులు గుట్టలుగా పడి ఉంటాయి, ఒక పూట పని. కప్పుకి తెల్ల రంగు వేయాలి. పడమటి గోడకి నల్ల నెట్ కట్టాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు ఉండాలి, ఒక వైపు గాలి వస్తే ఇంకో వైపు పోవాలి. మన తెలంగాణలో 2023లో ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ అనే తెచ్చింది, కప్పు తెల్లగా ఉంటే ఇల్లు చల్లగా ఉంటుంది, కరెంటు ఖర్చు తగ్గుతుంది అని. మన తాతలకి పాలసీ లేకుండానే తెలుసు. మండుటెండలో తాటాకు పాకలోకి వెళ్తే ఎలా ఉండేదో మనలో ఎంతమందికి గుర్తులేదు?

ఇంకో మాట. పడుకున్న మనిషి ఒంట్లోంచి 70 వాట్ల బల్బు అంత వేడి వస్తుంది. ఎనిమిది మంది అంటే అరకిలోవాట్ హీటర్ రాత్రంతా వెలిగినట్టే. 20 అడుగుల కంటైనర్ లోపల 14 చదరపు మీటర్లు కూడా ఉండదు. ఇక్కడి 2020 రూల్స్ ప్రకారం డార్మిటరీ లాంటి గదిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలి. భాగించి చూడండి. నలుగురే పడతారు. ఎనిమిది మందిని కుక్కినవాళ్ళు ఆ వేడికి ఫ్యాన్ ఖర్చు కూడా మన దగ్గరే లాగుతున్నారు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు, మాకూ మొన్నటిదాకా తెలియదు. ఆక్ట్ 446 అని ఉంది, 1990 నాటిది. మొదట్లో అది తోటల్లో, గనుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళ కోసం. వందేళ్ళ కిందటే మన ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ దేశం తోటల్లో లేబర్ లైన్లలో బతికిన తెలుగువాళ్ళు ఉన్నారు, బగాన్ దాతుక్ వైపు వెళ్తే వాళ్ళ మనవళ్ళు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. 2019లో ఆ చట్టాన్ని సవరించి అన్ని రంగాలకీ పెట్టారు, కన్‌స్ట్రక్షన్ కూడా వచ్చింది. 2020 జూన్ 1 నుంచి అమలు. మనుషుల్ని ఉంచే చోటుకి లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి, పెరాకువాన్ పెంగినపన్ అంటారు. లేకుండా ఉంచితే 50,000 రింగిట్ల దాకా ఫైన్.

జీతంలో కటింగ్ కూడా ఇష్టమొచ్చినట్టు కుదరదు. ఎంప్లాయ్‌మెంట్ ఆక్ట్ 1955లో సెక్షన్ 24 చూడండి. ఉండే చోటు అద్దె, భోజనం, సర్వీసుల పేరుతో కోయాలంటే మనం రాతపూర్వకంగా అడిగి ఉండాలి, లేబర్ డైరెక్టర్ జనరల్ పర్మిషన్ కూడా ఉండాలి. మనలో ఎవడన్నా "అయ్యా, నా జీతంలో కరెంటుకి 60 కోయండి" అని రాసిచ్చాడా? జాయినింగ్ రోజు పది కాగితాల మీద సంతకం పెట్టించుకున్నప్పుడు అందులో ఏముందో చదివామా?

బయట ఇల్లు అద్దెకి తీసుకుని ఉండే తమ్ముళ్ళకి కూడా ఒక మాట. ఇంటి మీటరు లెక్క వేరే. 2025 జూలై నుంచి టీఎన్‌బీ కొత్త రేట్లు వచ్చాయి. ఇంటి కనెక్షన్‌కి అన్నీ కలిపి యూనిట్ 44.43 సెన్లు. నెలకి 200 యూనిట్ల లోపు వాడితే యూనిట్‌కి 25 సెన్లు తిరిగి తగ్గిస్తారు. వాడకం పెరిగేకొద్దీ ఆ తగ్గింపు కరుగుతుంది, 1,000 దాటితే సున్నా. 600 దాటితే 10 రింగిట్ల నెల చార్జీ కూడా పడుతుంది. ఒకే మీటరు మీద పదిహేను మందిని పెట్టిన ఇంట్లో ఆ తగ్గింపు ఎక్కడ మిగులుతుంది? అక్కడ కూడా బిల్లు చూడకుండా డబ్బు ఇవ్వకండి. పెద్దన్నలాగా వసూలు చేసేవాడు మనవాడే అయినా సరే, బిల్లు చూపించమనండి. తెలుగువాడు తెలుగువాడి దగ్గర తినడం మాత్రం తప్పు కాదా?

ఇప్పుడు మన వైపు తప్పులు. ఇవి చెప్పకపోతే మేం అబద్ధం ఆడినట్టు. ఒక కేబిన్‌లో నాలుగు కుక్కర్లు ఎందుకు? ఆంధ్రావాళ్ళకి ఒకటి, తెలంగాణావాళ్ళకి ఒకటి, పడనివాళ్ళకి ఇంకొకటి. ఒక పెద్ద కుక్కర్ పెట్టి కలిసి వండుకుంటే ఆ 84 యూనిట్లు సగానికి దిగుతాయి. డ్యూటీకి పోతూ ఫ్యాన్ ఆపం. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడినా పట్టించుకోం. అన్నిటికంటే ఘోరం, బాత్‌రూమ్‌లో బకెట్లో హీటర్ రాడ్డు, డీబీ బాక్స్‌లోంచి దొంగ వైరు. ట్రిప్ అవుతోందని ఈఎల్‌సీబీని బైపాస్ చేసేవాణ్ణి చూశాం. ట్రిప్ అయ్యేది మన ప్రాణం కాపాడడానికిరా నాయనా. రేకు డబ్బాలో షాక్ కొడితే గోడ కూడా పట్టుకోవడానికి పనికిరాదు. ఇవి మానుకోవాలి. మానుకుంటేనే ఎదుటివాణ్ణి అడిగే నోరు ఉంటుంది.

కొంతమంది అంటారు, "ఊళ్ళో రేకుల షెడ్డులో పడుకోలేదా, ఇక్కడికొచ్చి రాజాల్లా కావాలా?" అని. పడుకున్నాం. కానీ ఊళ్ళో తలుపు తీస్తే వేపచెట్టు ఉండేది, మంచం వాకిట్లో వేసుకునేవాళ్ళం. ఇక్కడ తలుపు తీస్తే దోమలు, బురద, గేటు దగ్గర గార్డు. పైగా ఊళ్ళో షెడ్డుకి ఎవడూ నెలకి 60 కోయలేదు.

ఇంకొంతమంది అంటారు, "గొడవెందుకన్నా, పర్మిట్ రెన్యూ చెయ్యరు." ఆ భయం మాకు తెలుసు. అప్పు తీరలేదు, ఇంటి దగ్గర పిల్లల ఫీజులు. అందుకే పని ఆపమని మేం చెప్పడంలేదు. ఒక్కడే వెళ్ళి అడగమనీ చెప్పడంలేదు. ఒక్కడు అడిగితే గొడవ, నలభై ఎనిమిది మంది అడిగితే లెక్క. ఒక తెల్ల కాగితం తీసుకోండి. మూడు ముక్కలు రాయండి. కేబిన్లకి వేరే సబ్ మీటరు పెట్టండి. నెల బిల్లు గోడ మీద అంటించండి. కటింగ్ దేనికి ఎంతో జీతం స్లిప్పులో రాయండి. కింద అందరూ సంతకాలు పెట్టండి, ఫోటో తీసి ఉంచుకోండి. స్లిప్పులు పారేయకండి. అయినా వినకపోతే లేబర్ ఆఫీసు ఉంది, వాళ్ళ వర్కింగ్ ఫర్ వర్కర్స్ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

మా సైటులో ఏమైందంటారా? పెద్ద విజయం ఏమీ కాదు. సబ్ మీటరు లెక్క, సంతకాల కాగితం తీసుకుని మేమే ఆఫీసులోకి వెళ్ళాం. తిట్లు తిన్నాం. రెండు వారాలకి కటింగ్ 60 నుంచి 25కి దిగింది. ఇంకా 11 ఎక్కువే తీసుకుంటున్నారు, వదలలేదు. పాత జింక్ రేకులు అడిగితే ఇచ్చారు, ఒక ఆదివారం అందరం కలిసి మూడు కేబిన్లకి రెండో కప్పు వేశాం. ఆ రాత్రి శ్రీకాకుళం కుర్రాడు తొమ్మిదింటికే గురక.

తలుపు మీద కాగితం మేమే చింపేశాం. అంటించిన చేతులే కదా.

సూపర్‌వైజర్ తమ్ముళ్ళకి చివరి మాట. పై నుంచి చెప్పారని మనం అంటించే ప్రతి కాగితం కింద ఒక మనిషి పడుకుంటాడు. అంటించే ముందు మీటరు చూడండి.

మీ కేబిన్‌లో ఎంతమంది, ఫ్యాన్లు ఎన్ని, కటింగ్ ఎంత, కామెంట్లో రాయండి. కంపెనీ పేరు, మీ పేరు రాయొద్దు, లెక్క మాత్రం రాయండి. అన్ని లెక్కలూ ఒకచోట పెడితే ఎవడు ఎంత తింటున్నాడో వాడికే కనబడుతుంది.