పాత ఫైలు తెరిచేవారి మర్యాద

ముగిసిన వివాదాన్ని తిరగదోడడం తప్పు కాదు. కానీ తిరగదోడేవారు ఈ మధ్యకాలంలో తామేమన్నారో కూడా చెప్పాలి. కచ్చతీవు విషయంలో జరగనిది అదే.

285 ఎకరాల ఆ దీవి శ్రీలంకదేనని 1974లో ఇందిరాగాంధీ, సిరిమావో బండారనాయకే ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. యాభై ఏళ్ళ తర్వాత, తమిళనాట పోలింగుకు సరిగ్గా 19 రోజుల ముందు, 2024 మార్చి 31న, దాన్ని కాంగ్రెస్ నిర్లక్ష్యంగా వదిలేసిందని ప్రధాని మోదీ మండిపడ్డారు. ఆధారం తమ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు సమాచార హక్కు కింద తెచ్చుకున్న కాగితాలు. సరే, కాగితాలు కొత్తవే అనుకుందాం. దీవి తిరిగి కావాలంటే యుద్ధానికి వెళ్ళాలని 2014లో సుప్రీంకోర్టుకు చెప్పింది మోదీ ప్రభుత్వపు అటార్నీ జనరల్ కాదా? ఎప్పుడూ హద్దులు తేలని ప్రాంతం కనుక భారత భూభాగాన్ని వదులుకోవడమన్నదే జరగలేదని 2015లో అదే సమాచార హక్కు కింద జవాబిచ్చింది ఈ విదేశాంగ శాఖే కదా? ఆ కాగితాలు మాత్రం ప్రధానికి గుర్తు రాలేదు.

స్టాలిన్ తక్కువ తినలేదు. 2025 ఏప్రిల్ 2న దీవిని వెనక్కి తేవాలంటూ శాసనసభలో తీర్మానం చేయించారు. శాసనసభ ఎన్నికలు అప్పటికి ఏడాది దూరంలో ఉన్నాయి.

రామేశ్వరం జాలరుల పడవలు ఇంకా పట్టుబడుతూనే ఉన్నాయి. పాక్ జలసంధి అడుగును ఊడ్చేస్తున్న ట్రాలింగును ఎలా మాన్పిస్తారో, మానినవారికి ఏ బతుకుతెరువు చూపుతారో వీరిద్దరిలో ముందు ఎవరు చెబుతారు?