ఐటీ కారిడార్ వేడి: కారణం ఎక్కడుంది, దెబ్బ ఎవరికి?

2025 మార్చి 30 ఉగాది, 31న రంజాన్ పండుగ. కోర్టులకు, ఆఫీసులకు వరుస సెలవులు. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. మన ఇళ్లల్లో షీర్ ఖుర్మా తాగుతున్న పూట అక్కడ చెట్లు కూలుతున్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పని ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదును చేసేశారని కోర్టు పంపిన రిజిస్ట్రార్ నివేదిక చెప్పింది. సెలవులు చూసుకుని ఇంత తొందర ఎందుకని ధర్మాసనం అడిగింది.

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక వాదన ఉంది. ఆ భూమి యూనివర్సిటీది కాదు, రికార్డుల్లో అడవీ కాదు. 2004లో ఒక ప్రైవేటు స్పోర్ట్స్ సంస్థకు ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడి 2024లో గెలుచుకున్నారు. అక్కడ ఐటీ పార్కు వస్తే 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. ఉద్యోగాల మాట మనం తేలిగ్గా కొట్టిపారేయలేం. టోలీచౌకి, మెహదీపట్నం, పాతబస్తీ నుంచి పొద్దున్నే మాదాపూర్ వైపు వెళ్లే పిల్లలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. కోడింగ్ చేసేవాళ్లు ఉన్నారు, క్యాబ్ నడిపేవాళ్లు ఉన్నారు, బిర్యానీ డెలివరీ చేసేవాళ్లూ ఉన్నారు.

ఆ గొడవ జరిగినన్ని రోజులు వాట్సాప్‌లో ఒక చర్చ నడిచింది. ఇప్పటికీ ప్రతి ఎండాకాలం నడుస్తూనే ఉంది. “చెట్లు కొట్టినందుకే ఈ వేడి” అని ఒకరు. “అమెరికా, చైనా పొగ వదిలితే మన చెట్లేం చేస్తాయి?” అని ఇంకొకరు. “అసలు ఇదంతా ఉత్తదే, 1966లోనే హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు వచ్చింది కదా” అని మూడోవాళ్లు. (ఏఐతో తయారుచేసిన జింకలు, నెమళ్ల దొంగ ఫొటోలు కూడా అప్పుడు తిరిగాయి. వాటిని చూపించి మొత్తం విషయమే అబద్ధం అన్నవాళ్లూ ఉన్నారు. ఫొటోలు దొంగవి కావచ్చు, కూలిన చెట్లు నిజమే.) ఈ ముగ్గురి మాటల్లో ఎంత నిజం ఉందో విడివిడిగా చూస్తేనే విషయం అర్థమవుతుంది. ఎందుకంటే మనం “వేడి” అని ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుతున్నాం.

ముందు 1966 సంగతి. ఆ ఏడాది జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైన మాట నిజం. కానీ అది ఒక్క రోజు లెక్క. ఒక్క మ్యాచ్‌లో సెంచరీ కొట్టినవాడికి, ఏడాదంతా సగటు 50 నిలబెట్టేవాడికి తేడా లేదా? భూమి వేడెక్కడం అంటే సగటు పెరగడం. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత, ఫ్యాక్టరీల యుగం మొదలవక ముందుతో పోలిస్తే 1.5 డిగ్రీలు దాటింది. పూర్తి క్యాలెండర్ సంవత్సరం అలా దాటడం అదే మొదటిసారి. ఆ ఏడాది ఎల్ నినో కూడా కొంత తోడయింది, అందులో దాపరికం లేదు. కానీ ఎల్ నినో వస్తుంది, పోతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ మాత్రం 280 పీపీఎం నుంచి 420 దాటి పోయింది, తగ్గడం లేదు.

మరి సూర్యుడే ఎక్కువ మండుతున్నాడేమో అంటారు కొందరు. దీనికి శాస్త్రవేత్తల దగ్గర ఒక సూటి జవాబు ఉంది. సూర్యుడి వల్లే అయితే వాతావరణం కింది పొర, పై పొర రెండూ వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చగా ఉంటుంది, లోపలి వేడి పైకి రాదు. బొగ్గు, పెట్రోలు, డీజిల్, గ్యాస్ కాల్చగా వచ్చిన వాయువులే ఆ దుప్పటి.

ఇక చెట్ల వాదన. నిజం చెప్పాలంటే, ప్రపంచ లెక్కలో ఆ 400 ఎకరాలు చుక్క కూడా కాదు. ప్రపంచం ఏడాదికి బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 3,700 కోట్ల టన్నులు. కంచ గచ్చిబౌలి చెట్లన్నీ నిలబడ్డా, కూలినా ఆ అంకె కదలదు. కానీ గచ్చిబౌలి, నల్లగండ్ల, గోపన్‌పల్లిలో ఉండేవాళ్లకు మాత్రం తేడా వస్తుంది. చెట్టు ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదులుతుంది, దానితో చుట్టూ గాలి చల్లబడుతుంది. ఆ చెట్టు తీసి తారు, కాంక్రీటు వేస్తే అవి పగలంతా ఎండ తాగి రాత్రంతా వేడి కక్కుతాయి. అందుకే ఐటీ కారిడార్‌లో రాత్రి 11 గంటలకు కూడా రోడ్డు మీద సెగ తగులుతుంది. దీన్ని ప్రపంచం వేడెక్కడంతో కలపకూడదు. ఇది నగరం తనకు తాను చేసుకున్న వేడి. అయితే ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. దుప్పటి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చున్నట్టు.

1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఆ చుట్టుపక్కల బండరాళ్లు, పొదలు, చెరువులే ఎక్కువ. పక్కనున్న దుర్గం చెరువు నీళ్లు ఒకప్పుడు గోల్కొండ కోటకు వెళ్లేవని చెబుతారు. ఆ తర్వాత పాతికేళ్లలో లేచినవన్నీ అద్దాల మేడలు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. గోడంతా అద్దం పెట్టడం చలిదేశాల పద్ధతి. అక్కడ ఎండ లోపలికి రావడం వాళ్లకు కావాలి. మనకు ఎండ బయటే ఆగాలి. పాత హైదరాబాద్ ఇళ్లు కట్టినవాళ్లకు ఇది తెలుసు. డంగు సున్నంతో మందపాటి గోడలు, ఎత్తయిన కప్పులు, మధ్యలో ఖాళీ ఆంగన్, కిటికీలకు నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడికెలు. మన తాతలు ఏసీ లేకుండా మే నెల గడిపింది అలాగే. ఇప్పుడు అద్దంలోంచి ఎండను లోపలికి రానిచ్చి, ఆ వేడిని ఏసీతో బయటికి తోస్తున్నాం.

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని తీసి బయట పారేస్తుంది, దానికి తోడు అది వాడిన కరెంటు కూడా వేడిగా మారి బయటికే వస్తుంది. లోపల ఉద్యోగి స్వెటర్ వేసుకుని కూర్చుంటాడు, బయట సెక్యూరిటీ గార్డు ఆ వేడి గాలిలో నిలబడతాడు. ఇక ఆ కరెంటు ఎక్కడిది? మన దేశంలో ఎక్కువ భాగం బొగ్గుదే. ఒక్క యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ తింటుందనుకుంటే, 8 గంటలకు 12 యూనిట్లు, అంటే 8 కిలోల పైచిలుకు. ఒక రాత్రికి, ఒక గదికి. గ్యాస్ లీకయితే అది వేరే లెక్క. చాలా ఏసీల్లో వాడిన ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, సుమారు రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసే పని చేస్తుంది. ఏసీ మెకానిక్ పని మనవాళ్లు చాలామంది చేస్తారు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి తీసుకునే పద్ధతి నేర్పించే బాధ్యత కంపెనీలది, కానీ అడగాల్సింది మనం.

“మనదేం లేదు, అంతా పెద్ద దేశాలదే” అనే వాదనలోనూ సగం నిజం ఉంది. భారతదేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికాలో సుమారు 14. సౌదీ, కువైట్, ఖతర్‌లలో అమెరికా కంటే ఎక్కువ. ఇది కొంచెం చేదుగా ఉండే మాట. మన బస్తీల్లో ఎన్నో ఇళ్లు గల్ఫ్ డబ్బుతోనే లేచాయి, ఆ డబ్బు చమురు నుంచే వచ్చింది. 2023 డిసెంబర్‌లో దుబాయ్‌లో జరిగిన వాతావరణ సదస్సులో బొగ్గు, చమురు, గ్యాస్ నుంచి క్రమంగా బయటపడాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అది నిజంగా అమలైతే అక్కడ మన పిల్లల ఉద్యోగాల స్వరూపమే మారుతుంది. ఈ సంగతి మన ఇళ్లల్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు.

ఆ 2 టన్నుల సగటు కూడా మనల్ని మోసం చేస్తుంది. కోకాపేటలో 40వ అంతస్తులో నాలుగు ఏసీల ఫ్లాటు, షాహీన్ నగర్‌లో రేకుల కింద ఒక కూలర్. రెండూ కలిపితే వచ్చేది సగటు. వేడి చేసింది ఒకరు, పడేది ఇంకొకరు. ఇది దేశాల మధ్యే కాదు, ఒకే నగరంలోనూ ఉంది.

2024 జూన్‌లో హజ్ సమయంలో మక్కాలో 51.8 డిగ్రీలు నమోదైంది. 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. వాళ్లలో 83 శాతం మంది అనుమతి లేకుండా వచ్చి, నీడ, వసతి లేకుండా ఎండలో చాలా దూరం నడిచినవాళ్లు. ఎండ అందరికీ ఒకటే, నీడ ఒకటి కాదు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాలులకు రెండు వేలకు పైగా చనిపోయినప్పుడూ ఎక్కువగా పోయింది కూలీలు, ముసలివాళ్లే. ఐటీ కారిడార్‌లో ఈ లెక్కలోకి వచ్చేది మేస్త్రీ పనివాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, ఆటోవాళ్లు.

ఇక్కడ ఇళ్లల్లో తెలిసి ఉండాల్సిన విషయం ఒకటి ఉంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 4 లక్షలకు పెంచింది. అంతకు ముందు 50 వేలే. అయితే మరణానికి కారణం వడదెబ్బేనని అధికారికంగా తేలాలి. మన దగ్గర జనాజా తొందరగా చేస్తాం, పోస్టుమార్టం అంటే భయం, చాలాసార్లు ఆసుపత్రి కాగితం కూడా ఉండదు. కాగితం లేకపోతే ఆ మరణం ప్రభుత్వ లెక్కలోకి రాదు, డబ్బు కూడా రాదు. కనీసం డాక్టర్ రాసిన కారణం, ముందురోజు ఎక్కడ ఎండలో పనిచేశాడన్న ఆధారం ఉంచుకోవాలి.

వేడి ఒక్కటే కాదు, వాన కూడా దీని పక్కనే వస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటిఆవిరి పట్టుకుంటుంది. అందుకే పడినప్పుడు కుండపోతగా పడుతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి ఎవరూ మర్చిపోలేదు. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ మునిగింది, కొన్ని రోజులకే గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. వాన ఎక్కువ కావడానికి వాతావరణం ఒక కారణం. నీళ్లు వెళ్లే నాలాలు, చెరువుల ఎఫ్‌టీఎల్‌లు కబ్జా కావడం దానికి తోడు. అక్కడ కబ్జా చేసింది ఎవరైనా, మన ప్లాటు అమ్మింది మనవాడే అయినా, నీళ్లు మాత్రం దారి అడగవు.

చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ లేబొరేటరీ కలిసి హైదరాబాద్ ప్రాంతంలోనే పరిశీలించి, నల్లటి పైకప్పును తెల్లగా మారిస్తే ఏసీ కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గుతుందని తేల్చాయి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది, పెద్ద భవనాలకు తప్పనిసరి అంది. చిన్న ఇంటికి సున్నం, తెల్ల రంగు చాలు, ఖర్చు వేలల్లోనే. రేకుల ఇళ్లున్న బస్తీల్లో జీహెచ్‌ఎంసీయే వేయించాలని కార్పొరేటర్‌ను అడగడంలో తప్పేం లేదు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న కారిడార్ ఇక ఎటు పెరుగుతుందన్నది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి నిజాం కాలంలో కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో జీవో 111 తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధర చూసినవాళ్ల కళ్లు ఇప్పుడు గండిపేట వైపే ఉన్నాయి. కంచ గచ్చిబౌలిని కాపాడింది సుప్రీంకోర్టు. ఆ 84 గ్రామాల్లో ఏం కడతారో, నీళ్లు ఎటు పోతాయో చెప్పే మాస్టర్ ప్లాన్ వచ్చినప్పుడు అభ్యంతరాలు రాయడానికి గడువు ఇస్తారు. కింద మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసారాంబాగ్‌లో ఉండేవాళ్లు కూడా ఆ గడువులో కాగితం పెట్టొచ్చు.