నష్టభయ మెవరిది?

శంషాబాదు విమానాశ్రయమునకు చేరువనున్న మంఖాల్ గ్రామప్రాంతమును చూచిన వారికి ఒక ముచ్చట జ్ఞప్తికి రాక మానదు. సమీపముననే రావిర్యాలవద్ద ఫ్యాబ్ సిటీ వెలయుననియు, అందు చిప్పుల కర్మాగారము నెలకొననున్నదనియు 2006లో గొప్పగా చాటిరి. ఆ కర్మాగారము రానేలేదు. పిమ్మట సౌరఫలకములు చేయువారు వచ్చిరి. కాగితముమీది ప్రణాళికకును నేలమీది కార్యమునకును గల దూరమును గ్రహించుటకు మన విద్యార్థులు సముద్రములు దాటిపోవ నక్కరలేదు.

ప్రాజెక్టు నిర్వహణశాస్త్రమును బోధించు ఆచార్యులు కాలము, వ్యయము, నాణ్యత యను మూడింటిని చక్కగా నేర్పుచున్నారు. పునరుత్పాదక శక్తి విషయమున నష్టభయమునుగూర్చిన పరిశోధనయు సాగుచున్నది. సంతోషమే. కాని ఆ నష్టభయ మెవరిదని మేము ప్రశ్నించుచున్నాము.

2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పవన, సౌరవిద్యుత్తు ఒప్పందముల ధరలను తగ్గింపబూనగా, ఉత్పత్తిదారులు హైకోర్టు నాశ్రయించిరి. ఒప్పందపు ధరలనే చెల్లింపవలయునని 2022 మార్చిలో తీర్పు వచ్చినది. ఆడిన మాట నిలుపుకొనుట ప్రభుత్వమునకు ధర్మమే. తీర్పును మేము కాదనము. అయితే పెట్టుబడి పెట్టినవాని నష్టభయమునకు పత్రము కలదు, న్యాయవాది కలడు, పాఠ్యగ్రంథమున అధ్యాయమును గలదు. గ్రామీణుని భయమునకో?

కర్నూలు చేరువ గని, శకునాల గ్రామములవద్ద 1000 మెగావాట్ల సౌరవనము 2017లో పూర్తియైనది. దాని క్రింద దాదాపు ఆరువేల యెకరముల నేల యున్నది. ఇట్టిచోట్ల పట్టా గలిగిన రైతునకు పరిహారమైన దక్కును. బీళ్లలో గొర్రెలు మేపుకొను వానికి, కూలిపనిపై బ్రతుకువానికి దక్కున దేమి? ఫలకముల దుమ్ము కడుగు నీరు ఎవరి బావినుండి రావలయును? ఈ ప్రశ్నలు ఏ పట్టికలో నెక్కుచున్నవి?

వేరు మార్గము లేదనుట పొరపాటు. పొరుగుననున్న కర్ణాటకమునందలి పావగడలో 2050 మెగావాట్ల సౌరవనమునకై రైతుల భూములను కొనక, ఎకరమునకు సాలుకు 21,000 రూపాయలతో ఆరంభించి కౌలునకు గైకొనిరి. భూమి రైతుపేరనే నిలిచినది. భూమిలేని కూలివాని చిక్కు మాత్ర మచ్చటను తీరలేదు. రామగుండమున 2022లో 100 మెగావాట్ల ఫలకములను జలాశయముపై తేల్చి, సాగునేల జోలికే పోలేదు.

బొగ్గుపొగ తొలగవలయును, సౌరశక్తి పెరుగవలయును. ఇందు మాకు సందేహము లేదు. మా కోరిక యొక్కటే. విద్యార్థి వ్రాయు ప్రతి ప్రాజెక్టు నివేదికయందును ఎవరి నేల, ఎవరి నీరు, ఎవరి కూలి పోవుచున్నదో, దానికి జవాబుదారి యెవరో తెలుపు పుట యొకటి యుండవలయును. ఆ పుట లేని నివేదికకు ఆచార్యులు మార్కు లీయరాదు. నేటి విద్యార్థులే రేపటి నిర్వాహకులు గదా!