కొట్టే హక్కు పోయింది, గుట్టు మిగిలింది

1868లో నార్త్ కరోలినా సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. వేలి మందం బెత్తంతో భార్యను మూడు దెబ్బలు కొట్టిన భర్తను కింది కోర్టు వదిలేసింది. భార్యను కొట్టే హక్కు భర్తకుందని తాము ఒప్పుకోమంది పైకోర్టు. అయినా పెద్ద గాయమేదీ లేనప్పుడు సంసారం గుట్టు బయటపెట్టకూడదంటూ తనూ వదిలేసింది!

అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యురాలు రీవా సీగెల్ 1996లో రాసిన 'ది రూల్ ఆఫ్ లవ్' వ్యాసం ఇలాంటి తీర్పులనే తవ్వితీసింది. ఆధిపత్యాన్ని ప్రశ్నిస్తే చట్టం మారుతుంది, కానీ తరచూ మారేది దాన్ని సమర్థించే భాషేనంటారామె. భర్త అధికారం అనే మాట పోయి దాంపత్య ఏకాంతం, ప్రేమ అనే మాటలొచ్చాయి. దెబ్బలు తినడం మాత్రం ఆమె వంతే.

మన హైకోర్టు ఒకసారి ఈ గుట్టును ప్రశ్నించింది. విడిగా ఉంటున్న వారిని కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఇంగ్లండు చర్చి కోర్టుల వారసత్వం. భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తుందని పేరేగాని, భారం పడేది భార్య శరీరం మీదే. 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిగ్గా ఈ మాటే చెప్పి దాన్ని కొట్టేశారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో దాన్ని నిలబెట్టింది. పెళ్లి విచ్ఛిన్నం కాకుండా కాపాడుతుందట! కన్నతల్లి ఇంగ్లండు దాన్ని 1970లోనే వదిలించుకుంది.

2023 భారతీయ న్యాయసంహిత కూడా, 18 ఏళ్లు నిండిన భార్యపై భర్త బలాత్కారాన్ని అత్యాచారం కాదనే అంది. 2017లో ఢిల్లీ హైకోర్టుకు కేంద్రం చెప్పిన కారణం: వివాహ వ్యవస్థ అస్థిరమవుతుందని.