బీకాం తర్వాత నల్లకోటు

సూరత్‌లోని లింబాయత్ మగ్గాల వాడల్లో స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాల పిల్లలు బీకాం, బీఏ పూర్తిచేసి బట్టల దుకాణంలో లెక్కలు రాయడంతోనే ఆగిపోనక్కర్లేదు. ఏ డిగ్రీ చదివినా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం జనరల్ విద్యార్థులకు డిగ్రీలో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే చాలు. ఊళ్లోనే సార్వజనిక్ లా కాలేజీ ఉంది.

ఈ చదువు అవసరం మగ్గం దగ్గరే కనిపిస్తుంది. వేలు తెగిన కార్మికుడు పరిహారం అడగాలంటే, తాను ఫలానా యజమాని దగ్గరే పనిచేస్తున్నానని ముందు రుజువు చేసుకోవాలి. జీతం చీటీ ఉండదు, హాజరు పట్టీలో పేరుండదు. అతని గోడు తెలుగులో విని, యజమాని ఖాతా పుస్తకం చదివి రుజువు పట్టుకోగల బీకాం లాయరు అతనికి కొండంత అండ.

చదువయ్యాక లాయరుగా నమోదవడానికి కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ అభ్యర్థులకు రూ.750 మించరాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు కష్టం లా కాలేజీలో తప్పనిసరైన 70 శాతం హాజరుది. తరగతులకు వెళ్తే పగటి సంపాదన పోతుంది. ఆ మూడేళ్లూ ఇంటికి ఆసరాగా నిలిచే ఉపకార వేతనాలను సూరత్ తెలుగు సంఘాలు ఈ విద్యా సంవత్సరం నుంచే ప్రకటించాలి.