బిందు సేద్యము - నీటి పొదుపు

తిరుపతి జిల్లాలో తమిళనాటి సరిహద్దున సత్యవేడు ప్రాంతము కలదు. అచట 2008వ సంవత్సరమున శ్రీ సిటీ అను పారిశ్రామిక నగరము వెలసినది. పొలములకు నీరు వలయును, కర్మాగారములకును వలయును. జీవనదులు లేని ఈ సీమలో చెరువులు, గొట్టపు బావులే రైతునకు ముఖ్యాధారములు. కావున నీటిని పొదుపుగా వాడుట అచటివారికి వేడుక గాదు, విధి.

పాదుల నిండ నీరు కట్టినచో కొంత ఎండకు ఆవిరియగును. కొంత కలుపు మొక్కల పాలగును. కొంత వేళ్లకందక భూమిలోనికి దిగిపోవును. బిందు సేద్యమున నట్లు గాదు. సన్నని గొట్టముల నుండి గంటకు కొలది లీటర్ల వంతున ప్రతి మొక్క మొదటను నీరు బొట్లుబొట్లుగా జారును. ఇజ్రాయేలు దేశీయుడగు సింఖా బ్లాస్ రూపొందించిన ఈ పద్ధతి 1965 తరువాత దేశదేశముల వ్యాపించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకము నారంభించి, రైతులకు రాయితీపై పరికరముల నందించినది.

అయినను పరికరమొక్కటియే నీటిని కాపాడజాలదు. పూర్వము భూమిలోనికి దిగిన నీటిలో కొంత మరల బావినే చేరుచుండెను. ఇప్పుడు మిగిలిన నీటితో మరి రెండెకరములు సాగుచేసినచో ఆ రాబడియు తగ్గును. బావి మునుపటికంటె త్వరగా ఎండును. నేడు కూడబెట్టి రేపు వ్యయము చేయువానిని పొదుపరి యనవచ్చునా?

కావున బిందు సేద్యముతోపాటు చెరువుల పూడిక తీయవలెను. వాననీటిని నేలలో నింకింపవలెను. బావిలోని నీటిమట్టమును చూచి పంట నెన్నుకొనవలెను. గొట్టము నీటిని కొలిచి యిచ్చును. ఎంత చాలునో తెలిసికొనవలసినవాడు మానవుడే.