పుస్తకం ఉచితమే, అక్షరానికే తాళం

మొన్న ఆదివారం మా మేనకోడలు ఇంటికి వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతుంది. సోమవారం మొదటి పీరియడు 7వ తరగతికి పోషణ పాఠం, అందులో నెమరువేసే జంతువుల భాగం. భోజనాలయ్యాక ఫోను పట్టుకుని కూర్చున్న పిల్ల పదిన్నరైనా లేవలేదు. ఏం చేస్తోందా అని పక్కన కూర్చుని చూశాను. ఆ చూసినదాని మంట ఇంకా చల్లారలేదు.

ఆమె అడుగుతున్నది చాలా చిన్నది. గేదె పొట్టలో నాలుగు గదులు చూపే బొమ్మ, వాటికి తెలుగులో పేర్లు, కింద నాలుగు వాక్యాలు. బొమ్మల్లో ఎక్కడ చూసినా ఆవే ఉంటుంది. ఆమె బడి ఉన్న ఊళ్లో పిల్లల ఇళ్ల ముందు కట్టేసి ఉండేవి గేదెలు. "గేదెను పెడితే పాఠం వాళ్ల కొట్టంలోకి వచ్చేస్తుంది మావయ్యా" అంది. మంచి టీచరు ఆలోచన అంటే అదే.

వెతికింది. తెలుగులో టైపు చేస్తే ముందు వచ్చినవన్నీ పోటీ పరీక్షల బిట్లు. తర్వాత ఫోను నంబరు ఇస్తేగానీ తెరుచుకోని పేజీలు. ఆ తర్వాత ఎవరో టీచరు కష్టపడి రాసుకున్న నోట్సు. దాని మీద అడ్డంగా ఒక కోచింగ్ సెంటరు ముద్ర, రాసినవారి పేరున్న చోట తెల్లటి పట్టీ. సరే, మన పాఠ్యపుస్తకమే ఉందిగా అని పీడీఎఫ్ తెరిచింది. ఆ పేరా అక్కడే ఉంది, చక్కటి తెలుగులో. కాపీ చేసి తన వర్క్‌షీట్‌లో పేస్టు చేస్తే వచ్చింది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, బ్రాకెట్లు, ప్రశ్న గుర్తులు. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అంతే. చివరికి పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ వాక్యాలన్నీ బొటనవేలితో కొట్టుకుంది.

ఇది ఫోను తప్పు కాదు, ఆ పిల్లకు చేతకాకా కాదు. మన తెలుగు పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలో తయారవుతున్నాయి. తెర మీద కనిపించేది "క". లోపల దాచినది ఏదో ఇంగ్లిషు అక్షరం. కంటికి తెలుగు, కంప్యూటరుకు గజిబిజి. అందుకే ఆ పుస్తకంలో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే రాదు, సెర్చ్ ఇంజన్లకు ఆనదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరొకటి. చూపులేని పిల్లవాడికి తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ పేజీ దగ్గరికి వచ్చి అర్థంలేని చప్పుళ్లు చేస్తుంది. ఉచితంగా పంచిన పుస్తకం వాడికి అందనే లేదు.

దీనికి మందు యూనికోడ్, ప్రతి అక్షరానికీ కంప్యూటరులో సొంత గుర్తింపు ఇచ్చే పద్ధతి. అందులో తెలుగుకు చోటు దొరికింది 1991లో, మొట్టమొదటి వెర్షన్‌లోనే. ముప్పై ఏళ్లు దాటింది. ఫాంట్లు లేవా అంటే పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు, సురవరం, మండలి పేర్లతోనే ఎవరైనా ఉచితంగా దించుకోగల యూనికోడ్ ఫాంట్లున్నాయి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అని చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల మంది. ఇంతమంది భాషలో బడి పుస్తకంలోని ఒక పేరాను పక్క పేజీలోకి తీసుకెళ్లే దారి లేదంటే దాన్ని సాంకేతిక సమస్య అనను. పట్టించుకోకపోవడం అంటాను. పుస్తకాలు మారేదాకా ఈ మాట రాస్తూనే ఉంటాను.

ఫాంటు మొదటి తాళమైతే, రెండో తాళం పుస్తకం లోపలి పేజీలోనే ఉంది. మీ ఇంట్లో పిల్లల పాఠ్యపుస్తకం తీసి ముద్రణ వివరాల పేజీ చూడండి. ఎన్ని జీఎస్ఎం మాప్‌లిథో కాగితమో ఉంటుంది, అట్టకు ఏ కార్డు వాడారో ఉంటుంది. ప్రభుత్వం వారి ఉచిత పంపిణీ అని ఉంటుంది. అదే పేజీలో సర్వహక్కులూ ప్రచురణకర్తవే, రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ తిరిగి ముద్రించరాదు అనీ ఉంటుంది. మన పన్నులతో, మన టీచర్లే రాసిన పుస్తకం ఇది. తరగతిలో చెప్పుకోవడానికి వాడుకుంటే చట్టం అడ్డురాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనకు ఆ వెసులుబాటు ఇచ్చింది. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో హైకోర్టు కూడా ఆ పక్షమే నిలిచింది. కానీ ఆ పేరాను సరళం చేసి, గేదె బొమ్మ చేర్చి, పది జిల్లాల టీచర్లకు పంచిపెట్టాలంటే? భయస్తురాలైన టీచరు ఆ వాక్యం చదివి ఆగిపోతుంది. ధైర్యవంతురాలు పేరు లేకుండా పంపుతుంది. పేరు లేని దాని మీదే కోచింగ్ సెంటరు ముద్ర పడుతుంది.

ఇలాగే ఉండాలని ఎక్కడా లేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు పెట్టారు. అందులో కథను చదవొచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీయొచ్చు, అనువదించొచ్చు, మన పిల్లలకు తగ్గట్టు మార్చి మళ్లీ అక్కడే పెట్టొచ్చు. షరతు ఒక్కటే, మూలం రాసినవారి పేరూ బొమ్మ గీసినవారి పేరూ చెప్పాలి. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. బల్బు, బ్యాటరీ, తీగ తెర మీదే కలిపి చూసుకునే ప్రయోగాలవి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి, స్వచ్ఛందంగా అనువదించినవారి పుణ్యాన తెలుగులోనూ కొన్ని ఉన్నాయి. ల్యాబు గదికి తాళం వేసి ఉన్న బడిలో ఇది ఎంత అండో సైన్సు టీచర్లను అడగండి. వికీమీడియా కామన్స్‌లో ఎస్‌వీజీ బొమ్మలుంటాయి. వాటి మీది ఇంగ్లిషు పేర్లు తీసేసి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. మా మేనకోడలికి చివరకు పనికొచ్చిన బొమ్మ అక్కడిదే. కడుపు బొమ్మ మీద ప్రథమ ఆమాశయం, జాలకం అని తనే తెలుగులో రాసి, పక్కన గేదెను తన చేత్తో గీసి, ఫొటో తీసి చేర్చింది.

ప్రభుత్వాలేమీ చెయ్యలేదని అనను. 2013లో కేంద్రం ఎన్‌రోర్ అనే జాతీయ విద్యావనరుల భాండాగారాన్ని తెరిచి, అందులోని సామగ్రిని పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే లైసెన్సుతో పెట్టింది. 2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదిక వచ్చింది, పాఠాల పక్కన క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల స్వేచ్ఛా విద్యావనరుల మీద ఏకాభిప్రాయంతో సిఫారసు ఆమోదించాయి. అంటే దారి ఢిల్లీకీ తెలుసు, ప్యారిస్‌కూ తెలుసు. అది మన పాఠ్యపుస్తకం ముద్రణ పేజీ దాకా రాలేదు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. సైన్సు మాటకు రెండు భాషల్లో ఎదురెదురుగా అర్థం ఉన్న అంత పెద్ద నిధి మనకు మునుపెన్నడూ లేదు. యూనికోడ్‌లో, మార్చుకోగల ఫైళ్లుగా దాన్ని బయటపెడితే వర్క్‌షీట్లు, నిఘంటువులు, అనువాదాలు వాటంతట అవే పుట్టుకొస్తాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి సైన్సును తెలుగులో అచ్చు వేయించింది జనం చేతికి అందాలనే.

చేతికి అందడం అన్నాక ఇంకో మాట కూడా చెప్పాలి. సోమవారం పొద్దున్న ఆమె బడికి వెళ్తూ జిరాక్సు షాపు దగ్గర ఆగి ఎనిమిది రంగు ప్రింట్లు తీయించింది. ఒక్కోటి పది రూపాయలు. ముప్పై నాలుగు మంది పిల్లలకు ఎనిమిది కాగితాలు, నలుగురైదుగురికి ఒకటి. ఎనభై రూపాయలూ తన పర్సులోంచే ఇచ్చింది. ఆ షాపుకు నాలుగడుగుల్లో శాఖా గ్రంథాలయం ఉంది. లోపల దినపత్రికలు, నాలుగు బెంచీలు, తాళం వేసిన బీరువాలు. కంప్యూటరు లేదు, ప్రింటరు లేదు, నెట్ లేదు.

డబ్బు లేకనా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నా రసీదు తీసి చూశాను. పన్ను 3,200 రూపాయలు, గ్రంథాలయ సెస్సు 256. వసూలైన సొమ్ము స్థానిక సంస్థల దగ్గరే ఆగిపోతోందని, తమ దాకా చేరడం లేదని గ్రంథాలయాల వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 1918లో వేటపాలెం వంటి ఊళ్లో చందాలు వేసుకుని సారస్వత నికేతనం నిలబెట్టుకున్న జాతి మనది. పన్ను కట్టి కూడా ఒక ప్రింటరు పెట్టించుకోలేకపోతున్నాం.

నేను అడిగేవి మూడే. వచ్చే ఏడాది పుస్తకాలు యూనికోడ్‌లో రావాలి. ఉచిత పంపిణీ అన్న మాట కింద "పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు" అని ఒక్క వాక్యం అచ్చు వెయ్యాలి. మండలానికొక గ్రంథాలయంలో టీచరు వచ్చి కూర్చుని పాఠం తయారుచేసుకునే బల్ల, దాని మీద ఒక ప్రింటరు ఉండాలి. నా ఒక్క ఇంటి సెస్సుతోనే ఆ ఎనిమిది కాగితాలు మూడుసార్లు తీయొచ్చు. మీ రసీదు కూడా ఒకసారి తీసి చూడండి. ఆ సొమ్ము ఏ గ్రంథాలయానికి చేరిందో మీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అడగండి.